కీళ్లవాతానికి వారం మాత్ర: మెథోట్రెక్సేట్ తప్పు లేకుండా వేసుకోవడం ఎలా?

విజయనగరంలో ఉంటూ తొమ్మిదేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతంతో వేగుతున్నాను. ఇది అరుగుదల నొప్పి కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే మన కీళ్ల మీద తిరగబడే జబ్బు. మెథోట్రెక్సేట్ దాన్ని అణిచి ఉంచుతుంది. మందు రాయడం డాక్టరు పని. తప్పు జరిగేది మాత్రం మన వంటింట్లో.

కావలసినవి: గోడ క్యాలెండరు, నల్ల మార్కరు, మూత గట్టిగా పట్టే చిన్న డబ్బా. అంతే.

1. రోజు ఖాయం చేసుకోండి. నాది మంగళవారం. సిరిమాను తిరిగేది మంగళవారమే కాబట్టి మా ఊళ్లో ఆ రోజుని ఎవరూ మర్చిపోరు. ఆదివారం మాత్రం వద్దు. చేపల పులుసు తిని ఈ మాత్ర వేసుకుంటే సోమవారం వికారం ఎవరిదని అడగాలి? గురువారం పెట్టుకుంటే డబ్బా మీద "లక్ష్మివారం" అనే రాయండి. ఇంట్లో పెద్దవాళ్ల నోట వచ్చే మాట అదే కదా.

2. వేసుకోవడం. అసలు గండం ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

ఈ మాత్ర వారానికి ఒక్క రోజే. రోజూ కాదు. రోజూ వేసుకుంటే మూలుగలో రక్తకణాలు తయారవడం పడిపోతుంది, ప్రాణం మీదకొస్తుంది. మా పెద్దత్త చీటీలో వారానికోసారి అని ఇంగ్లీషులో రాసే ఉంది. చదివి చెప్పినవాళ్లు అది వదిలేశారు. ఆవిడ ఆరు రోజులు వరసగా వేసుకుంది. నోరంతా పుళ్లు, గుక్కెడు చోడంబలి కూడా మింగలేకపోయింది. ఆస్పత్రిలో పడుకుని కూడా నాతో అంటుంది: "ఏటమ్మా, మాత్రంటే రోజూ ఏసుకోపోతే పన్చేస్తాదా?"

అందుకే ఏడు గళ్ల మాత్రల డబ్బా వాడొద్దు. చాలామంది మెచ్చుకుంటారు, నాకు తెలుసు. కానీ గడి ఖాళీగా కనబడితే ఇంట్లో ఎవరో ఒకరు ప్రేమకొద్దీ నింపేస్తారు. నేనైతే ఆ వారం మాత్రల వరకూ స్ట్రిప్పు కత్తిరించి డబ్బాలో పెడతాను, మిగతాది బీరువాలో దాచేస్తాను. వేసుకున్న వెంటనే క్యాలెండరులో ఆ తేదీ మీద అడ్డంగా గీత. రేపు గీద్దాం అనుకుంటే మర్చిపోతారు.

2.5 మిల్లీగ్రాముల మాత్రలూ ఉన్నాయి, 10వీ ఉన్నాయి. షాపువాడు ఒకటి లేదని ఇంకోటి ఇస్తే లెక్క మారిపోతుంది. ఎన్ని మాత్రలని కాదు, మొత్తం ఎన్ని మిల్లీగ్రాములని గుర్తుంచుకోండి.

రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. వికారం నిద్రలో పోతుంది. పైగా పొద్దున్న వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, రేకులోంచి మాత్ర నొక్కే బలం నాకు తొమ్మిదైతే గానీ రాదు. నలపొద్దు, పొడి చెయ్యొద్దు. కడుపుతో ఉన్నవాళ్లు ముట్టుకోనే కూడదు. పిల్లలు కావాలనుకుంటే నెలల ముందే డాక్టరుకి చెప్పాలి.

మర్చిపోతే? రెండు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోండి. దాటిపోతే ఆ వారానికి వదిలేయండి. రెండు వారాలవి కలిపి ఎప్పుడూ వద్దు. జ్వరం, నోటిపూత, ఆయాసంతో పొడి దగ్గు వస్తే తర్వాతి మాత్ర ఆపి డాక్టరుకి ఫోన్ చేయండి.

3. ఫోలిక్ యాసిడ్. పుళ్లూ వికారం తగ్గించడానికి ఇస్తారు. మెథోట్రెక్సేట్ రోజున కాకుండా వేరే రోజున, డాక్టరు చెప్పినట్టు. చాలాసార్లు రెండూ పసుపు రంగే, రెండు పేర్లూ "ఫోల్" తోనే మొదలవ్వొచ్చు. ఒకే డబ్బాలో పెట్టకండి.

4. మిగతావి. ఫలితానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, రెండో వారానికే మానేయకండి. మద్యం తాగకండి, తాటికల్లు కూడా. జలుబనో మూత్రంలో మంటనో వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ఈ మాత్ర సంగతి ముందే చెప్పండి. సెప్ట్రాన్ (ట్రైమెథోప్రిమ్ ఉండే యాంటీబయాటిక్) రకం మందులు దీనితో కలిస్తే ప్రమాదం.

రక్తపరీక్షలు మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, కుదురుకున్నాక సుమారు మూడు నెలలకోసారి: రక్తకణాలు, లివరు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది). వీటికి పరగడుపున వెళ్లక్కర్లేదు, ఇడ్లీ తినే వెళ్లండి.