మెదడు అన్యూరిజమ్ పరీక్షలో కాంట్రాస్ట్: సీటీ గది నుంచి క్యాథ్‌ల్యాబ్ దాకా

మెదడు రక్తనాళం గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బితే దాన్ని అన్యూరిజమ్ అంటాం. ఆ బుడగ మెడ ఎంత వెడల్పో, అది ఎటు తిరిగి ఉందో తెలియాలంటే కాంట్రాస్ట్, అంటే రోగులు చెప్పే ‘డై’, సరైన సెకనులో అక్కడికి చేరాలి. ఈ రెండు గదుల్లో కొత్తగా చేరిన టెక్నీషియన్లు, నర్సుల కోసం రాస్తున్నాం. అంకెలన్నీ పెద్దవాళ్లకు వాడేవి. మీ విభాగం పద్ధతి, డాక్టరు మాట వీటికంటే ముందు.

మొదట ప్లెయిన్ సీటీ తీయాల్సిందే. తాజా రక్తమూ తెల్లగానే ఉంటుంది, డై కూడా తెల్లగానే ఉంటుంది. ముందే ఎక్కించేస్తే ఏది ఏదో తేలదు.

రోగిని ‘అలర్జీలున్నాయా’ అని అడిగి వదిలేయకండి. ‘ఇదివరకు స్కానింగులో డై ఎక్కించారా? అప్పుడు దద్దుర్లు, ఆయాసం వచ్చాయా?’ అని అడగండి. రొయ్యలు పడవన్నారని పరీక్ష ఆపేవారు ఇప్పటికీ ఉన్నారు. రొయ్యల్లో పడనిది అందులోని ప్రొటీన్, అయోడిన్ కాదు. ఇదివరకు డై నిజంగానే పడకపోతే, డాక్టరు చెప్పిన మీదట ప్రెడ్నిసోలోన్ 50 మి.గ్రా. చొప్పున 13, 7, 1 గంటల ముందు ఇస్తారు. చివరి మోతాదుతో అలర్జీ మందు కలుపుతారు. అన్యూరిజమ్ పగిలి వచ్చినవారికి అంత వ్యవధి ఉండదు, కాబట్టి డాక్టరు పక్కనే ఉండాలి. అడ్రినలిన్ తాళం వేసిన బీరువాలో కాదు, ట్రేలో ఉండాలి. తీవ్రమైన రియాక్షన్ వస్తే 1:1000 మందు 0.5 మి.లీ., తొడ బయటివైపు కండలోకి.

క్రియాటినిన్ చూడకుండా అత్యవసరం కాని పరీక్ష మొదలుపెట్టకండి. ఉద్దానం వైపు నుంచి వచ్చినవారి విషయంలో ఇంకా జాగ్రత్త, అక్కడ కిడ్నీ జబ్బు ఎక్కువ. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 30 కంటే తక్కువుంటే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూశాకే మళ్లీ మొదలుపెట్టాలి.

క్యాన్యులా కుడి మోచేతి మడతలో, 18 లేదా 20 గేజ్. ఎడమచేతి నుంచి వచ్చే సిర ఛాతీని అడ్డంగా దాటాలి. అక్కడ చిక్కటి డై నిలిచి చారలు పడతాయి, ఒక్కోసారి మెడ సిరల్లోకి ఎగదన్నుతుంది. సిర మీద రెండు వేళ్లు పెట్టి 10 మి.లీ. సెలైన్ వేగంగా తోసి చూడండి. వేళ్ల కింద చర్మం ఉబ్బితే ఆ సూది పనికిరాదు. డై సీసా 37 డిగ్రీలకు వెచ్చబడి ఉండాలి. చల్లగా ఉంటే చిక్కగా ఉండి ప్రెషర్ పెరుగుతుంది.

350 బలం (మి.లీ.కు 350 మి.గ్రా. అయోడిన్) డై 60 నుంచి 70 మి.లీ., సెకనుకు 4 నుంచి 5 మి.లీ. వేగంతో, వెనకాలే అదే వేగంతో 40 మి.లీ. సెలైన్. డై చేరిందా అని కనిపెట్టే ట్రాకర్‌ను బృహద్ధమని వంపు మీద పెట్టి, అక్కడి తెలుపు 100 యూనిట్లు (హెచ్‌యూ) దాటగానే స్కాన్. ఇక్కడ నాలుగైదు సెకన్లు ఆలస్యమైతే కంటి వెనక ఉండే సిరల గూడు, కావర్నస్ సైనస్, డైతో నిండిపోతుంది. దాని మధ్యలోంచి పోయే కెరోటిడ్ ధమని మీది చిన్న బుడగ ఆ తెలుపులో కలిసిపోతుంది. గుండె బలహీనంగా ఉన్నవారికి డై నెమ్మదిగా చేరుతుంది, అందుకే అంచనా సెకన్లతో తీయకండి. స్కాన్ అయ్యాక మెడ దగ్గర ధమని, జుగులర్ సిర పోల్చండి. ధమని తెల్లగా, సిర బూడిదరంగులో ఉంటే సమయం కుదిరినట్టే.

‘ఒళ్లంతా వేడిగా, మూత్రం పోయినట్టు అనిపిస్తుంది, పోదు, కదలకండి’ అని ముందే చెప్పండి. చెప్పకపోతే ఉలిక్కిపడతారు, చిత్రం చెడుతుంది.

క్యాథ్‌ల్యాబ్‌లో సన్నటి గొట్టం (కెథీటర్) ద్వారా డైని నేరుగా మెదడుకు వెళ్లే ధమనుల్లోకి పంపుతారు. అక్కడ అన్నిటికంటే భయపడాల్సింది గాలిబుడగ. కెరోటిడ్‌లోకి పోయిన గాలి నేరుగా మెదడుకే వెళ్తుంది. సిరంజిని కెథీటర్‌కు తగిలించేటప్పుడు రెండు మూతుల్లోనూ ద్రవం పైకి పొంగి ఉండాలి. తగిలించాక కొద్దిగా వెనక్కి లాగి చూడాలి. ఇంజెక్ట్ చేసేటప్పుడు సిరంజి మూతి కిందికి, వెనకభాగం పైకి ఉంచితే మిగిలిన బుడగ పిస్టన్ దగ్గరే ఉండిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ సెలైన్ చుక్కలు ఆగకుండా పడుతూ ఉండాలి.

లోపలి కెరోటిడ్‌కు సెకనుకు 4 నుంచి 5 చొప్పున మొత్తం 7, 8 మి.లీ.; వెన్ను ధమనికి 3, 4 చొప్పున 6 మి.లీ. బుడగ మెడను అన్ని వైపులా చూపే త్రీడీ రన్‌కు సెకనుకు 3 చొప్పున 15 నుంచి 18 మి.లీ. చేత్తో తోసిన ప్రతి చిన్న ఇంజెక్షనూ బోర్డు మీద రాయండి. లెక్క తప్పేది వాటి దగ్గరే.

బుడగను లోపలినుంచి నింపే సన్నటి తీగచుట్ట (కాయిల్) పెడుతుండగా డై నాళం దాటి పొగలా పరుచుకుంటే బుడగ పగిలిందన్నమాట. కంగారులో మైక్రోకెథీటర్ వెనక్కి లాగకూడదు, ఆ చిల్లును మూసి ఉంచుతున్నది అదే కావచ్చు. మత్తు డాక్టరుకు వెంటనే చెప్పండి, హెపారిన్‌కు విరుగుడైన ప్రోటమిన్ అందించండి, కాయిల్ పని సాగనివ్వండి. ఫ్లో డైవర్టర్ (రక్తాన్ని బుడగలోకి పోకుండా మళ్లించే వలలాంటి గొట్టం) పెట్టినప్పుడు మాత్రం ధమని ఖాళీ అయ్యాక కూడా డై బుడగలో నిలిచి ఉండటం మంచి సూచన.

చికిత్స తర్వాతి సీటీలో మెదడు మడతల మధ్య తెల్లగా కనిపిస్తే అది రక్తమే కానక్కర్లేదు, ఇంకిన డై కావచ్చు. రెండు రకాల ఎక్స్‌రే శక్తితో తీసే డ్యూయల్ ఎనర్జీ సీటీ తేడా చెబుతుంది. అది లేకపోతే 24 గంటల తర్వాతి సీటీలో, డై అయితే చాలావరకు కరిగిపోతుంది. కొందరికి కొద్ది రోజులు చూపు మందగించడం కూడా డై వల్ల జరుగుతుంది, కానీ స్కాన్ చూడకుండా అలా అనుకోవద్దు. మొత్తం ఎన్ని మి.లీ. పడింది, చివరి ఇంజెక్షన్ ఎన్నింటికి ఇచ్చారు అన్నది ఐసీయూ కాగితం మీద రాసి పంపండి. అర్ధరాత్రి ఆ తెల్లటి మచ్చ చూసే డాక్టరు మొదట వెతికేది ఆ రెండు అంకెల కోసమే.