వేలంలో పాత కుర్చీ, గోడ గడియారం, గిరిజన చెక్కడం కొనడం ఎలా?

కొనాలా వద్దా అన్నది వేలం పాట రోజు తేల్చుకునే విషయం కాదు. దానికి ఒకటి రెండు రోజుల ముందు, సరుకు చూసుకోమని హాలు తలుపులు తెరుస్తారు. ఆ రోజే తేలిపోవాలి. పాట రోజు మిగిలేది ఒక్క లెక్కే. కోల్‌కతా రసెల్ స్ట్రీట్‌లో 1940 నుంచి ఉన్న రసెల్ ఎక్స్‌ఛేంజ్ లాంటి పాతకాలపు హాలైనా, ఫోన్లో పాట పెంచే ఆన్‌లైన్ వేలమైనా ఈ మాట వర్తిస్తుంది.

ముందు కేటలాగు, నిబంధనలు

కేటలాగులో వేసే అంచనా ధర కేవలం అంచనా. అమ్మేవాళ్ళు ఇంతకు తక్కువకి ఇవ్వమని లోపల ఒక కనీస ధర పెట్టుకుంటారు, దాన్ని సాధారణంగా బయటపెట్టరు. పాట ముగిసిన ధర మీద వేలం సంస్థ కొనుగోలుదారు ప్రీమియం (కొన్నవాళ్ళ నుంచి తీసుకునే కమీషన్) కలుపుతుంది, ఆపైన జీఎస్టీ. ఈ శాతాలు నిబంధనల పేజీలోనే ఉంటాయి. సరుకు 'ఉన్నది ఉన్నట్టుగా' అమ్ముతాం అన్న వాక్యం ఉంటే, ఇంటికి తెచ్చాక కనిపించిన పగులుకు వాళ్ళ పూచీ ఉండదు. వర్ణనలో 'విక్టోరియన్ శైలి' (విక్టోరియా రాణి కాలపు పద్ధతి) అని ఉంటే అది ఆ కాలంలో చేసిందని వాళ్ళు చెప్పడం లేదని తెలుసుకోండి. ఏ కాలపుదో, ఎవరింటి నుంచి వచ్చిందో, ఏం మరమ్మతు జరిగిందో రాతపూర్వకంగా అడగండి. మంచి సంస్థ అయితే జవాబిస్తుంది.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు టార్చి, టేపు, భూతద్దం, చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళండి. పాత ఇత్తడి పిడి అంటున్నదానికి అయస్కాంతం అతుక్కుంటే అది ఇనుము మీద పూత.

కలప సామాను: అడుగు, వెనక, లోపల

ముందు భాగానికి ఎవరైనా పాలిష్ పెడతారు. అడుగు భాగానికి అంత శ్రద్ధ ఎవరూ పెట్టరు, అందుకే అసలు సంగతి అక్కడ దొరుకుతుంది. పడక్కుర్చీ అయితే తిరగేయించండి. భోషాణం అయితే మూత ఎత్తి లోపలి మూలలు చూడండి. బీరువా అయితే సొరుగు పూర్తిగా బయటికి లాగి దాని అడుగు పలక తడమండి. చేత్తో చిత్రిక పట్టిన పలక మీద వేలు నడిపితే చిన్న చిన్న ఎత్తుపల్లాలు తెలుస్తాయి. ప్లైవుడ్ కనిపిస్తే అది కొత్తదో, మరమ్మతు చేసిందో. తల మీద ప్లస్ గుర్తున్న స్క్రూలు 1930ల తర్వాత వచ్చినవి. వందేళ్ళ నాటిదని చెప్పే బల్లలో అవి ఉంటే ఎందుకున్నాయో అడగాలి.

గుండ్రటి బల్లను రెండు దిక్కులా కొలవండి. కలప నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవునా దాదాపు కుంచించుకోదు. కాబట్టి నిజంగా పాత గుండ్రటి బల్ల కొద్దిగా కోలగా ఉంటుంది.

అరుగుదల మనిషి వాడకాన్ని బట్టి ఉండాలి. కుర్చీ చేతుల కొనలు, కాళ్ళ మధ్య అడ్డకర్ర, సొరుగు జారే పట్టాలు అరుగుతాయి. ఎవరి చెయ్యీ తగలని మూల కూడా అంతే అరిగి ఉంటే ఉప్పు కాగితంతో రుద్దారని అర్థం. పుచ్చు సంగతి కూడా ఇలాంటిదే. పురుగు పైకి గుండ్రటి చిల్లు చేస్తుంది, లోపల మాత్రం వంకర టింకరగా తొలుచుకుపోతుంది. పైభాగం మీదే పొడవాటి తొలుపు గాడి బయటపడి ఉందంటే, పుచ్చిన పాత కలపను తర్వాత కోసి ఈ వస్తువు చేశారన్నమాట. చిల్లుల కింద తెల్లటి కొత్త పొడి రాలి ఉంటే పురుగు ఇంకా బతికే ఉంది. అలాంటిది ఎంత చవకైనా, మందు పట్టించకుండా ఇంట్లోకి తేవద్దు. పక్కనున్న సామానుకూ పడుతుంది.

గోదావరి జిల్లాల్లో మండువా ఇళ్ళు పడగొట్టినప్పుడు, తమిళనాడు చెట్టినాడులో పెద్ద బంగళాలు అమ్మేసినప్పుడు వచ్చే టేకు తలుపులు, స్తంభాలు, పందిరి మంచాలు మన మార్కెట్లో ఎక్కువగా తిరుగుతుంటాయి. అందులో కొన్నిటిని ముక్కలు చేసి, అద్దం ఫ్రేములుగానో కాఫీ బల్లలుగానో మార్చి పాతవని అమ్ముతారు. కలప పాతదే, వస్తువు మాత్రం నిన్నటిది. ఆ తేడా ధరలో కనిపించాలి.

గడియారం: పెట్టె ఒకరిది, యంత్రం ఒకరిదా?

పాత గోడ గడియారాల్లో పెద్ద ఇబ్బంది ఇదే. ఒక పెట్టె, వేరే యంత్రం, ఇంకో డయల్ కలిపి ఒకటిగా అమర్చి పెడతారు. పనిచేస్తుంది, చూడ్డానికీ బాగుంటుంది, కానీ దాని విలువ సగం కూడా ఉండదు.

తలుపు తీసి టార్చి వేయండి. వెనక పలక మీద వాడని స్క్రూ బెజ్జాలు ఉంటే అక్కడ ఒకప్పుడు వేరే యంత్రం ఉండేది. కీ ఇచ్చే ఇరుసులు డయల్ మీది రంధ్రాలకు సరిగ్గా మధ్యలో పడుతున్నాయా చూడండి. ఒక పక్కకి జరిగి ఉంటే డయలో యంత్రమో మారింది. సాధారణంగా రెండు రంధ్రాలుంటే ఒకటి నడకకి, రెండోది గంట కొట్టడానికి.

తర్వాత పేరు. డయల్ మీద ఉన్నది చాలాసార్లు తయారీదారు పేరు కాదు, అమ్మిన దుకాణం పేరు. మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ లాంటి పెద్ద దుకాణాలు విదేశీ గడియారాలను తమ పేరుతో అమ్మేవి. తయారీదారు గుర్తు యంత్రం వెనక ఇత్తడి పలక మీద ఉంటుంది: జర్మనీ జుంఘాన్స్‌కి ఎనిమిది కొనల నక్షత్రం, మధ్యలో జె అక్షరం. గుస్తావ్ బెకర్, అమెరికా అన్సోనియా, సెత్ థామస్, జపాన్ సెయికోషా మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేవి. సెయికోషా 1892లో మొదలైంది కాబట్టి అంతకుముందుదని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. 'మేడ్ ఇన్ జర్మనీ' అన్న ముద్ర కూడా తేదీ చెబుతుంది. బ్రిటన్ 1887లో చేసిన చట్టంతోనే ఆ ముద్ర వాడుకలోకి వచ్చింది.

ఇక వినండి. లోలకం కదిపి, చెవి దగ్గర పెట్టి, టిక్‌కీ టాక్‌కీ మధ్య ఎడం సమానంగా ఉందా గమనించండి. కుంటుతూ నడిస్తే భయపడక్కర్లేదు, చాలాసార్లు గోడకు వంకరగా తగిలించడం వల్ల అలా అవుతుంది. 'నడుస్తోంది సార్' అన్న మాటకీ పెద్ద విలువ ఇవ్వకండి. అరిగిపోయిన యంత్రం కూడా అరగంట నడుస్తుంది. ఇరుసుల కొనలు తిరిగే చిన్న బెజ్జాలు ఇత్తడి పలకలో కోలగా సాగి, చుట్టూ నల్లటి నూనె మడ్డి కట్టి ఉంటే బుష్‌లు (బెజ్జంలో బిగించే చిన్న ఇత్తడి గొట్టాలు) వేయించాల్సి వస్తుంది. ఆ పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు తక్కువ, కూలి ఎక్కువ. మీ ఊళ్ళో ఎవరున్నారో ముందే కనుక్కోండి. అనుమతి తీసుకుని నిమిషాల ముల్లును ముందుకు మాత్రమే మెల్లగా తిప్పి, గంటలు సరిగ్గా కొడుతున్నాయా చూడండి. వెనక్కి తిప్పితే కొన్ని యంత్రాలు దెబ్బతింటాయి. చీకట్లో మెరిసే పాత ముళ్ళు, అంకెలున్న గడియారాల్లో రేడియోధార్మికత ఉన్న రేడియం పూత ఉండవచ్చు. అలాంటి అద్దం మీరు తెరవకండి, పూత గోకకండి.

గిరిజన చెక్కడాలు: ఎవరివి, ఎలా వచ్చాయి?

ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలి. ఛత్తీస్‌గఢ్ బస్తర్ చెక్కడాల్లో, నాగా తెగల కొయ్య బొమ్మల్లో, మన నాయకపోడు గిరిజనుల ముఖోటాల్లో (ముఖానికి కట్టుకునే కొయ్య ముసుగుల్లో) రెండు రకాలు వేలానికి వస్తాయి. ఒకటి అమ్మకానికే చేసినవి. బస్తర్‌లోని కొండగావ్ చుట్టుపక్కల ఇప్పటికీ మంచి చెక్కడపు పనివాళ్ళున్నారు, వాళ్ళ పని కొత్తదని తెలిసి కొంటే అది గౌరవమైన కొనుగోలు. రెండోది ఒక ఊరు వాడుకున్నది: జాతరలో కట్టుకున్నది, పోయినవాళ్ళ గుర్తుగా పాతినది. ఈ రెండో రకంలో దొంగతనంగా తెచ్చినవి కలుస్తాయి. స్మారక స్తంభాన్ని పాతిన చోటు నుంచి పెకలించి అమ్మడం ఒక ఊరి గుండెను అమ్మడమే. అది ఎవరి దగ్గర్నుంచి, ఎప్పుడు వచ్చిందో కాగితం లేకపోతే నేను చెయ్యి ఎత్తను. మీరూ ఎత్తకండి.

వాడినదా, వాడినట్టు చేసినదా అన్నది లోపలి వైపు చూస్తే తెలుస్తుంది. ముఖోటా లోపల నుదురు, ముక్కు తగిలే చోట చెమటకి నల్లబడి నునుపు తేలాలి. తాడు కట్టే బెజ్జాల అంచులు తాడు లాగే దిక్కునే అరగాలి. పొయ్యి పైన ఏళ్ళ తరబడి ఉన్న వస్తువుకి పొగ పొర గట్టిగా పట్టి ఉంటుంది. బూట్ పాలిషో తారో పూస్తే తడిగుడ్డకో స్పిరిట్ తగిలిన దూదికో రంగు ఊడుతుంది. అయితే ఈ పరీక్ష సిబ్బందిని అడిగే చేయాలి.

చట్టం

1972 పురావస్తువులు, కళా సంపద చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. దేశం లోపల కొనవచ్చు, అమ్మవచ్చు, కానీ ప్రైవేటు వ్యక్తులు దాన్ని విదేశాలకు పంపడం నేరం, శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లల ఇంటికి పంపుదామని తాతల నాటి పెట్టె కొనేవాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి. వందేళ్ళు దాటనిదైనా పాతదిగా కనిపిస్తే, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం పురావస్తు శాఖ నుంచి తీసుకుని పంపడం మంచిది. పాత చెక్క శిల్పమైతే రిజిస్ట్రేషన్ పత్రం ఉందా అని అడగండి.

ఏనుగు దంతం విషయంలో అసలు సందేహం పెట్టుకోకండి. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్ళు దంతపు రేకులు తాపి, గీతల్లో నల్ల లక్క నింపి చేసిన పెట్టెలు, కుర్చీలు లండన్ మ్యూజియంల్లో ఉన్నాయి, అక్కడి వేలాల్లోనూ కనిపిస్తాయి. అక్కడ కూడా 2022 జూన్ నుంచి దంతం అమ్మకానికి కఠిన నిబంధనలు వచ్చాయి. మన దేశంలో దంతం వ్యాపారం నిషేధం. హార్న్‌బిల్ పక్షి ముక్కు, పులి గోరు అతికించిన నాగా తలపాగాకీ వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

పాట రోజు

ఇంటి దగ్గరే లెక్క వేసుకోండి. మొత్తం 50,000 రూపాయలు పెట్టగలరు. రవాణాకి 6,000, మరమ్మతుకి 7,000 తీసేస్తే 37,000. ప్రీమియం, పన్నులు కలిపి 20 శాతం అనుకుంటే 37,000ని 1.2తో భాగించాలి. 30,800 చిల్లర వస్తుంది. మీ పాట 30,000 దగ్గర ఆగాలి. ఈ అంకె కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. మూడోసారి అనేలోపు పక్కవాడు పెంచితే పెంచనివ్వండి. ఆవేశం ఆపుకోలేమని అనిపిస్తే, మీ గరిష్ఠ ధర రాసిచ్చి హాల్లో కూర్చోకుండా ఉండే వీలు చాలా సంస్థల్లో ఉంది.

ఇంటికి తెచ్చేటప్పుడు

గడియారాన్ని కదిలించే ముందు లోలకం తీసి విడిగా చుట్టండి. బరువులతో నడిచేదైతే బరువులు కూడా. కలప సామాను ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టొద్దు, ఒక్కసారిగా ఆరి పగులుతుంది. పాత లక్క పాలిష్‌ని గీకి కొత్తది వేయించాలన్న తొందర వద్దు. మెత్తటి గుడ్డతో తుడిచి కొన్నాళ్ళు అలాగే చూడండి. చెక్కడాన్ని నీళ్ళతో కడగొద్దు, నూనె రాయొద్దు. లాట్ నంబరు (వేలంలో ఆ వస్తువుకిచ్చిన వరుస సంఖ్య) ఉన్న బిల్లు, కేటలాగు పేజీ, అమ్మినవాళ్ళు ఇచ్చిన వివరాలు ఒక కవర్లో పెట్టి, ఏ ఊరిదో ఏ తెగదో తెలిస్తే దాని మీద రాసి, వస్తువుతోపాటే ఉంచండి.