స్కూబా మాస్క్ మసకబారకుండా

చెన్నై నుంచి పాండిచ్చేరికి స్కూబా (గాలి సిలిండర్ తగిలించుకుని సముద్రం లోపల ఈదడం) చేయడానికి వెళ్లే మనవాళ్లను ఎక్కువగా విసిగించేది మాస్క్‌కు పట్టే ఆవిరి. లయన్‌ఫిష్ ఎదురుగా రెక్కలన్నీ విప్పుకుని నిలబడినా మనకు తెల్లటి మసకే. అంత ఖర్చు పెట్టి దిగాక ప్రాణం ఉసూరుమంటుంది.

కొత్త మాస్క్ అద్దానికి లోపలివైపు తయారీలో పట్టిన సన్నటి జిడ్డు పొర ఉంటుంది, ముందు అది వదలాలి. శనగగింజంత తెల్ల టూత్‌పేస్ట్‌తో (జెల్ వద్దు) వేలితో రెండు నిమిషాలు గుండ్రంగా రుద్ది కడగండి. ఇంకా మసకబారుతుంటే మళ్లీ రుద్దండి. ఇదంతా ఇంట్లోనే అయిపోవాలి, బోటు మీద కుదరదు.

తర్వాత చిన్న సీసాలో ఒక వంతు బేబీ షాంపూ, మూడు వంతుల నీళ్లు కలిపి వెంట ఉంచుకోండి. దిగబోయే ముందు పొడి అద్దానికి లోపల రెండు చుక్కలు రాసి, సముద్రపు నీళ్లతో ఒక్కసారి పైపైన కడిగి వెంటనే పెట్టుకోవడమే. మరీ శుభ్రంగా కడిగేస్తే రాసిందంతా పోతుంది. మామూలు షాంపూ అయితే కళ్లు మండుతాయి.

అద్దం లోపల యాంటీఫాగ్ కోటింగ్ (మసక పట్టకుండా వేసే పూత) ఉన్న మాస్క్‌కూ, ప్లాస్టిక్ స్విమ్మింగ్ గాగుల్స్‌కూ మాత్రం టూత్‌పేస్ట్ వద్దు. గీతలు పడి పాడైపోతాయి.