యుద్ధకాలం ఉత్తరాలు, 3వ పాఠం: తేదీ లేని ఉత్తరానికి తేదీ పట్టడం

పోయిన పాఠంలో తుప్పు పట్టిన పిన్నులు తీశాం, మడతలు విప్పాం, సెల్లోటేపు, లామినేషన్ జోలికి పోవద్దనుకున్నాం. ఇప్పుడు అసలు చిక్కు. మిలిటరీలో ఉన్న తాత ఉత్తరంలో "ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" అని ఉంటుంది, తేదీ ఉండదు. అది చైనా యుద్ధం నాటి 1962దా, పాకిస్తాన్ యుద్ధాల నాటి 1965దా, 1971దా?

ముందు కవరు చూడండి. చాలా ఇళ్లల్లో ఉత్తరం దాచి కవరు పారేస్తారు. లేదంటే స్టాంపు కోసం పిల్లలు మూల కత్తిరిస్తారు, పోస్టాఫీసు తేదీ ముద్ర కూడా దాంతోనే పోతుంది. ముద్ర మసకగా ఉంటే పెన్నుతో దిద్దకండి. ఫోన్‌తో ఫొటో తీసి కాంట్రాస్ట్ పెంచితే చాలాసార్లు అంకెలు తేలుతాయి. 56 ఏపీవో, 99 ఏపీవో (ఏపీవో అంటే ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటే ఆ నంబరు పట్టుకుని ఊరు వెతకొద్దు. సైనికుడు ఎక్కడున్నాడో బయటపడకూడదనే అలాంటి అడ్రసు ఇస్తారు.

అడ్రసులో 508తోనో (నల్గొండ వైపు) 509తోనో (మహబూబ్‌నగర్ వైపు) మొదలయ్యే పిన్‌కోడ్ ఉంటే ఉత్తరం 1972 ఆగస్టు 15 తర్వాతిది, ఎందుకంటే పిన్‌కోడ్ వచ్చిందే అప్పుడు. లేకపోతే మాత్రం ఏమీ తేలదు, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి చాలామంది రాయలేదు. మామూలు కవరు మీద 5 పైసల శరణార్థుల సహాయ స్టాంపు అదనంగా కనిపిస్తే మీ పంట పండినట్టే. బంగ్లాదేశ్ శరణార్థుల కోసం 1971 నవంబరు 15 నుంచి 1973 మార్చి దాకా వసూలు చేసిన పన్ను అది.

కవరు లేదా? అయితే పండుగలు పట్టుకోండి. నాకు బాగా నమ్మకమైన దారి ఇదే. బతుకమ్మ ఏటా ఇంచుమించు అదే కాలంలో వస్తుంది కాబట్టి నెల చెబుతుంది, సంవత్సరం చెప్పదు. పీర్ల పండుగ అలా కాదు, ఏటా దాదాపు 11 రోజులు ముందే వస్తుంది. 1962లో జూన్‌లో వచ్చింది, 1965లో మేలో, 1971లో మార్చిలో. "పీర్ల పండక్కి రాలేను" అన్న మాట పక్కన ఎండల సంగతో, నాట్ల సంగతో ఉందంటే రెండూ కలిపి లెక్క కట్టొచ్చు.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వాళ్లకు ఇంకో ఆనవాలు ఉంది. "కాలువ నీళ్లు మన మడికి అందుతున్నయా" అని తాత అడిగితే అది 1965 ఉత్తరం కాదు. సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967లో.

పెద్దవాళ్లను "ఏ సంవత్సరం?" అని అడిగితే తికమకపడతారు. "అప్పటికి చిన్నత్త పెళ్లయిందా?" అని అడగండి, టక్కున చెబుతారు.

తేలిన తేదీని ఉత్తరం మీద రాయకండి. వేరే చీటీ మీద, పెన్సిల్‌తో, కారణంతో సహా రాయండి: "అంచనా: 1967 తర్వాత, 1972 లోపు. సాగర్ కాలువ ప్రస్తావన ఉంది. పిన్‌కోడ్ లేదు, కానీ అది రుజువు కాదు. 1972 హద్దు నాయనమ్మ మాట." ఒక్క తేదీకి కుదించాలని ఆరాటపడొద్దు.

అభ్యాసం: "పీర్ల పండుగ అయి వారమైంది. మామిడికాయ తొక్కు పెట్టిన్రా? యుద్ధం అయిపోయింది, భయపడొద్దు." పిన్‌కోడ్ లేదు, కవరు లేదు. ఎన్ని సంవత్సరాలు సరిపోతాయి? జవాబు 4వ పాఠంలో, సైన్యం యూనిట్ పేర్లు చదవడంతో పాటు.