కథలో కృత్రిమ అడవిని నమ్మించేలా రాయడం

ముందు మూడు ప్రశ్నలు విడదీసుకోండి: ఆ అడవి ఎలా పుట్టింది, ఏం పని చేస్తోంది, ఎవరి అదుపులో ఉంది. ఇవి కలగాపులగమైతే కథలోని వాదన తేలిపోతుంది.

తర్వాత గాలి లెక్క. 1991లో అమెరికాలోని అరిజోనాలో, బయోస్ఫియర్ 2 అనే గాజు కట్టడంలో, మొక్కలు, మట్టితో పాటు 8 మందిని ఉంచి మూసేశారు. 16 నెలల్లో ఆక్సిజన్ 20.9 నుంచి సుమారు 14.5 శాతానికి పడిపోయింది. సేంద్రియ పదార్థం ఎక్కువైన మట్టిలో సూక్ష్మజీవులు ఆక్సిజన్ వాడేశాయి. అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో చాలావరకు కాంక్రీటు పీల్చేసింది, దాంతో మొక్కలు దాన్ని తిరిగి ఆక్సిజన్‌గా మార్చలేకపోయాయి. మీ కథలో అడవిని కప్పి ఉంచే గుమ్మటంలోనూ ఇలా కారణం తెలిసే లోపం ఒక్కటి చాలు.

నైతిక ప్రశ్న పదునెక్కాలంటే మాత్రం ఆ లోపాన్ని కథ సగానికల్లా సరిచేసేయండి. నకలు అడవి నాసిరకమైతే పాఠకుడికి తీర్పు మరీ తేలిక. తవ్వేసిన చోటును అచ్చంగా పునరుద్ధరించినా దాని చరిత్ర తిరిగి రాదనీ, అందుకే విలువ తగ్గుతుందనీ తత్వవేత్త రాబర్ట్ ఇలియట్ 1982లో వాదించాడు. దీన్ని ఒక పాత్రకివ్వండి. కానీ ‘సహజం కాబట్టి మంచిది’ అనిపించకండి, మశూచీ సహజమే. ఎదుటి పాత్ర నకలును చూపించి అసలు అడవిని నరకడానికి అనుమతి అడగాలి, అతని అవసరం నిజమైనదై ఉండాలి.