కక్ష్యలో ఇంధనం నింపడం: స్వయంబోధన పాఠాలు – 4. ఉపగ్రహాన్ని అందుకునే లెక్క

గత పాఠంలో ఒక భూస్థిర ఉపగ్రహం (భూమితో సమానంగా తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట నిలిచినట్లుండేది) ఏడాదికి ఎంత ఇంధనం ఖర్చు చేస్తుందో లెక్క కట్టాం. సూర్యచంద్రుల ఆకర్షణకు దాని కక్ష్య వాలిపోకుండా సరిదిద్దడానికి ఏడాదికి సుమారు సెకనుకు 50 మీటర్ల వేగమార్పు కావాలనీ, 2,000 కిలోల ఉపగ్రహానికి రసాయన ఇంజన్‌తో అది దాదాపు 33 కిలోల ఇంధనం అవుతుందనీ తేలింది. ఆ రెండు అంకెలూ ఈ పాఠంలో మళ్లీ అవసరమవుతాయి. ఇప్పుడు నేర్చుకోవలసింది, ఇంధనం మోసుకువెళ్లే సర్వీసు నౌక ఆ ఉపగ్రహం దగ్గరకు ఎన్ని రోజుల్లో, ఎంత ఖర్చుతో చేరుతుందో కాగితం మీద తేల్చడం.

విశాఖపట్నంలో ఉండి చదువుకునేవారికి ఇందులో ఒక సౌలభ్యం ఉంది. మన నగరం సుమారు 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. 2020 జనవరిలో ప్రయోగించిన ఇస్రో సమాచార ఉపగ్రహం జీశాట్-30 స్థానం 83 డిగ్రీలు. కాబట్టి కైలాసగిరి మీద దిక్సూచితో నిలబడి సరిగ్గా దక్షిణానికి తిరిగి, క్షితిజం నుంచి 69 డిగ్రీల ఎత్తున చూస్తే, మీ చూపు సాగే దిశలో సుమారు 36,100 కి.మీ. దూరాన అది ఉంటుంది. కంటికి కనిపించదు గాని, లెక్క చేసేటప్పుడు ఆ దిశ మనసులో ఉండటం మంచిది. మన ఉదాహరణలో లక్ష్య ఉపగ్రహాన్ని 83 డిగ్రీల దగ్గరే ఉంచుదాం. అది ఊహా ఉపగ్రహమే. దాని బరువు పై లెక్కలోని 2,000 కిలోలు.

భూస్థిర కక్ష్య వ్యాసార్ధం భూకేంద్రం నుంచి 42,164 కి.మీ. కక్ష్య చిన్నదైతే చుట్టు త్వరగా పూర్తవుతుంది. కెప్లర్ సూత్రం ప్రకారం వ్యాసార్ధం ఎంత భాగం తగ్గితే, చుట్టుకు పట్టే కాలం దానికి ఒకటిన్నర రెట్ల భాగం తగ్గుతుంది. 100 కి.మీ. కిందకు దిగిన నౌక విషయంలో 100ను 42,164తో భాగించి, 1.5తోనూ, రోజుకు తిరిగే 361 డిగ్రీలతోనూ (భూమి సూర్యుని చుట్టూ కూడా జరుగుతుంది కనుక 360 కంటే ఒకటి ఎక్కువ) గుణించండి. 1.28 వస్తుంది. అంటే 100 కి.మీ. దిగువన ఉన్న నౌక భూమి మీద నుంచి చూసేవారికి రోజుకు 1.28 డిగ్రీలు తూర్పుకు జరుగుతుంది, 100 కి.మీ. ఎగువన ఉంటే అంతే వేగంతో పడమటికి జరుగుతుంది. ఈ ఒక్క అంకె కంఠస్థమైతే పాఠంలో సగం వచ్చినట్లే.

తొలిసారి చదివేవారు తరచుగా ఇక్కడే తడబడతారు. ముందున్న ఉపగ్రహాన్ని అందుకోవాలంటే ఇంజన్‌ను ముందుకు నెట్టేలా మండించాలని అనిపిస్తుంది. అలా చేస్తే కక్ష్య పెద్దదై, చుట్టు ఆలస్యమై, నౌక ఇంకా వెనకబడుతుంది. వేగం తగ్గించుకుని కిందకు దిగినప్పుడే అది ముందుకు సాగుతుంది. రెండు వృత్తాలు గీసి, లోపలి దాని మీద నౌకను, బయటి దాని మీద ఉపగ్రహాన్ని రోజు రోజుకూ గుర్తుపెట్టి చూడండి. సూత్రం చదివిన దానికంటే బాగా బోధపడుతుంది.

ఇక ఖర్చు. ఈ ఎత్తులో కక్ష్యను 100 కి.మీ. మార్చడానికి మొత్తం మీద సెకనుకు 3.65 మీటర్ల వేగమార్పు చాలు. అయితే గమ్యం చేరాక మళ్లీ పాత ఎత్తుకు రావాలి కనుక అంతే మొత్తం రెండోసారి ఖర్చవుతుంది. మన సర్వీసు నౌక బరువు 3,000 కిలోలు, అది ఇప్పుడు 73 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. 10 డిగ్రీలను 10 రోజుల్లో దాటాలంటే రోజుకు 1 డిగ్రీ, అంటే 78 కి.మీ. దిగాలి, రాకపోకలకు (దిగడానికి, మళ్లీ పాత ఎత్తుకు ఎక్కడానికి) కలిపి సెకనుకు 5.7 మీటర్లు. 5 రోజుల్లోనే చేరాలంటే 11.4 మీటర్లు, 20 రోజులు ఆగగలిగితే 2.85 మీటర్లు. ఇంజన్ వాయువు వెలువడే వేగం సెకనుకు 3 కి.మీ. అనుకుంటే, 5 రోజుల ప్రయాణానికి 11.4 కిలోలు, 20 రోజుల ప్రయాణానికి 2.85 కిలోలు ఖర్చవుతాయి. తేడా 8.5 కిలోలకు పైనే. ఏడాదికి 33 కిలోలు వాడే మన లక్ష్య ఉపగ్రహానికి అది మూడు నెలల ఆయుష్షు. 15 రోజుల తొందర కోసం మూడు నెలల సేవను వదులుకోవడం, ప్రసారాలు ఆగిపోయే ప్రమాదం ఉంటే తప్ప, నా దృష్టిలో సమర్థనీయం కాదు.

దూరం కంటే ముందు చూడవలసింది మరొకటి ఉంది: కక్ష్యల వాలు. భూస్థిర కక్ష్యలో వేగం సెకనుకు 3.07 కి.మీ.; రెండు కక్ష్యల తలాల మధ్య ఒక్క డిగ్రీ తేడా ఉన్నా దాన్ని సరిచేయడానికి సెకనుకు 54 మీటర్లు కావాలి. 10 డిగ్రీల రేఖాంశం దాటడానికి 5.7 మీటర్లు చాలినచోట, ఒక డిగ్రీ వాలు ఒక ఏడాది ఇంధనాన్ని మింగేస్తుంది. భూమికి కొన్ని వందల కి.మీ. ఎత్తులోనే ఉండే దిగువ కక్ష్యలో, సెకనుకు 7.6 కి.మీ. వేగం దగ్గర, అదే డిగ్రీకి 133 మీటర్లు. ఉపగ్రహాల ఆయుష్షు పెంచే సేవల వ్యాపారం భూస్థిర కక్ష్యలోనే ముందుగా నిలదొక్కుకోవడానికి ఇది బలమైన కారణం: అక్కడి ఉపగ్రహాలు చాలావరకు ఒకే తలంలో ఉంటాయి కాబట్టి ఒకే నౌక ఒకదాని తరువాత ఒకదాన్ని చేరగలదు. ఇంధనం ఆదా చేయడానికి వాలును సరిదిద్దడం మానేసిన పాత ఉపగ్రహాల విషయంలో మాత్రం ఈ లెక్క ముందే చేసి తీరాలి.

నార్త్రాప్ గ్రమ్మన్ సంస్థ నౌక ఎంఈవీ-1 ఈ ఓర్పుకు మంచి ఉదాహరణ. 2019 అక్టోబరు 9న బయలుదేరి, విద్యుత్ థ్రస్టర్లతో (తక్కువ బలంతో నెట్టే చిన్న ఇంజన్లతో) నెలల తరబడి పైకెక్కి, 2020 ఫిబ్రవరి 25న పాత సమాచార ఉపగ్రహం ఇంటెల్‌శాట్-901తో జతకలిసింది. ఆ కలయిక భూస్థిర కక్ష్యకు సుమారు 300 కి.మీ. ఎగువన జరిగింది, ఏదైనా పొరపాటు జరిగినా పనిచేస్తున్న ఇతర ఉపగ్రహాలకు ముప్పు రాకూడదన్నది ఉద్దేశం. ఎంఈవీ-1 ఇంధనం పోయలేదు. ఉపగ్రహపు ఇంజన్ నాజిల్‌ను పట్టుకుని, తన థ్రస్టర్లతోనే దాన్ని నడిపింది. పాత ఉపగ్రహాల వాల్వులు భూమి మీదే మూసి, పైన తెరిచే ఏర్పాటు లేకుండా పంపినవి కావడం దీనికి కారణం. వాటి సంగతి వచ్చే పాఠంలో వివరంగా చూద్దాం.

చివరి కొన్ని కిలోమీటర్లకు ఈ లెక్క చాలదు. విశాఖ రేవుకు వచ్చే ఓడ పక్కకు పైలట్ పడవ చేరి, వేగం సమం చేసుకున్నాకే పైలట్ నిచ్చెన పట్టుకున్నట్లు, నౌక కూడా మెట్లుమెట్లుగా ఆగుతూ దగ్గరవ్వాలి. 2025 జనవరి 16న ఇస్రో స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు సుమారు 475 కి.మీ. ఎత్తులో కలిసినప్పుడు 15 మీటర్లు, 3 మీటర్ల దూరాల్లో ఆగి, అన్నీ సరిచూసుకున్న తరువాతే ముందుకు సాగాయి.

అభ్యాసం: సర్వీసు నౌక 93.5 డిగ్రీల దగ్గర ఉంది, లక్ష్యం 83 డిగ్రీలు, గడువు 14 రోజులు. నౌక పైకెక్కాలా, దిగాలా? ఎన్ని కి.మీ.? రాకపోకలకు కలిపి వేగమార్పు ఎంత? మీ జవాబు సెకనుకు 4, 5 మీటర్ల మధ్య రావాలి. 2 మీటర్ల దగ్గర ఆగితే తిరిగి పాత ఎత్తుకు చేరే ఖర్చు కలపలేదన్నమాట.