క్లబ్బు వార్తాలేఖలో ఫొటోల తంటాలు: సమస్య - పరిష్కారం

మెయిల్ తిరిగి వస్తోంది, లేదా ఎంతకీ తెరుచుకోవడం లేదు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఫొటోను పేజీలో పెట్టి, మూల పట్టుకుని లాగి చిన్నది చేస్తారు. కంటికి చిన్నదవుతుంది గానీ ఫైలు బరువు తగ్గదు. 12 మెగాపిక్సెళ్ల ఫోను ఫొటోలో సుమారు 4000 × 3000 పిక్సెళ్లు, అంటే బొమ్మను ఏర్పరిచే చుక్కలు, ఉంటాయి. అగ్గిపెట్టెంత కనిపించినా అవన్నీ లోపల అలాగే ఉంటాయి. పైగా జతచేసిన ఫైళ్లు మెయిల్లో వెళ్లేటప్పుడు మూడో వంతుకు పైగా ఉబ్బుతాయి. 25 ఎంబీ పరిమితి ఉన్నచోట 20 ఎంబీ పంపినా తిరిగి రావడం అందుకే.

లేఖలో పెట్టకముందే సైజు తగ్గించండి. ముందు కత్తిరింపు, తర్వాతే కుదింపు. వార్షికోత్సవం గ్రూప్ ఫొటోలో సగం పైకప్పే ఉంటే, దాన్ని తీసేశాక మిగిలిన పిక్సెళ్లన్నీ ముఖాలకే దక్కుతాయి. లేఖ వెడల్పు సాధారణంగా 600 పిక్సెళ్లు. నేటి ఫోన్ల తెరలపై స్పష్టంగా కనిపించాలంటే నిండు వెడల్పు ఫొటోను 1200కు కుదించి, జేపెగ్ నాణ్యత 75 దగ్గర పెట్టి, వేరే పేరుతో సేవ్ చేయండి. అసలు ఫొటో జోలికి పోవద్దు. 72 డీపీఐనా (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క), 300నా అన్న చర్చ అచ్చుకు సంబంధించినది, తెరకు దాంతో పని లేదు.

కొందరికి ఫొటో పేజీ దాటిపోతోంది

విండోస్‌లోని పాత అవుట్‌లుక్ మెయిల్ ప్రోగ్రాం చేసే పని ఇది. గరిష్ఠ వెడల్పు ఇంతేనని సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్దేశించే కోడ్‌లో) చెప్పినా పట్టించుకోకుండా 1200 పిక్సెళ్లనూ పరిచేస్తుంది. లేఖ కోడ్‌లో ఫొటోను చూపించే ఇమేజ్ ట్యాగులోనే వెడల్పు 600 అని రాస్తే దారికొస్తుంది.

ముఖాలు మసకగా ఉన్నాయి

ఆ ఫొటో వాట్సాప్ గ్రూపు నుంచి వచ్చి ఉంటుంది. అక్కడ అది ఒకసారి నలిగిపోయింది. సాగదీసి పెద్దది చేస్తే మసకే పెద్దదవుతుంది. తీసినవారినే అడిగి, డాక్యుమెంట్‌గా పంపించుకోండి. కుదరకపోతే చిన్నగానే వేయండి, సగం కాలమ్‌లో చిన్న ఫొటో ఏమీ వెలితి కాదు.

ఫొటో అడ్డం తిరిగింది

ఏ వైపు నిలబెట్టాలో ఫోను ఒక గుర్తుగా మాత్రమే రాస్తుంది, కొన్ని ప్రోగ్రాములు దాన్ని చదవవు. ఎడిటర్‌లో తిప్పి మళ్లీ సేవ్ చేయండి.

అసలు తెరుచుకోవడం లేదు

ఐఫోన్ల హెచ్‌ఈఐసీ ఫైలు కావచ్చు. జేపెగ్‌గా మార్చండి. క్లబ్బు చిహ్నానికి మాత్రం పీఎన్‌జీ మేలు, జేపెగ్‌లో అక్షరాల అంచులు చెదురుతాయి.

ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ పెట్టె

పాఠకుడి మెయిల్ బొమ్మలను ఆపేసింది, మీ తప్పేమీ లేదు. ప్రతి ఫొటోకూ, బొమ్మ రాకపోతే దాని చోట కనిపించే ప్రత్యామ్నాయ వాక్యం (ఆల్ట్ టెక్స్ట్) ఒకటి రాయండి. సమావేశం తేదీ, వేళ పోస్టర్ బొమ్మలో మాత్రమే పెట్టి ఊరుకోవద్దు, కింద మామూలు అక్షరాల్లోనూ ఇవ్వండి.